పైకప్పు లేని కారులో తలుపు పని

మీరిప్పుడు హిందూపురంలో ఉన్నారు. ఊళ్లోంచి తూముకుంట వైపు వెళ్లే రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద ఒక టింకరింగ్ షెడ్డు. పొద్దున ఏడైంది. ఒక మూల ఇంజన్ దించిన ఆటో, ఇంకో మూల ట్రాక్టర్ ట్రాలీ, మధ్యలో ఎత్తు తక్కువగా ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. గుడ్డ పైకప్పును వెనక్కి మడిచేశారు. కారు మీ స్నేహితుడిది. తెల్లారకముందే బెంగళూరులో బయల్దేరి వచ్చాడు. బండికి ఇరవై ఏళ్లు దాటాయి. గతుకు తగిలిన ప్రతిసారీ ఎడమ తలుపు టకటకమంటోందని అతని బాధ.

అతని చేతిలో చిన్న పొట్లం ఉంది. అందులో రెండు నల్లటి ప్లాస్టిక్ ముక్కలు, ఒక్కోటి బొటనవేలంత. ఇవే డోర్ బుష్‌లు. కారు కంపెనీవి కావు, బయటి తయారీ. ఇవి బిగిస్తే చప్పుడు పోతుందనీ, కారు బాడీ కూడా గట్టిపడుతుందనీ అమ్మేవాళ్లు చెబుతారు. అందులో ఎంత నిజముందో ఈరోజు అతనితో ఇదే కారులో ధర్మవరం చేరేలోపు మీరే తేల్చుకోవాలి.

మెకానిక్ పొట్లం వైపు చూడనైనా చూడడు. తలుపు సగం తెరిచి, దాని వెనక అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకి ఎత్తుతాడు. టక్. వదిలేస్తాడు. మళ్లీ టక్. మిమ్మల్ని దగ్గరికి పిలిచి హింజ్ మీద వేలు పెట్టమంటాడు. తలుపు ఎత్తినప్పుడల్లా మీ వేలి కింద పిన్ను కదులుతోంది.

"చూడండి సార్, డోర్ దిగిండాది. పిన్నూ బుష్షూ రెండూ అరిగిపోయిండాయి. ముందు ఇది చేసుకోల్ల. ఇది చెయ్యకుండా ఆ ముక్క ఏస్తే, డోర్ బరువంతా అదే మోయల్ల. నాలుగు నాళ్లకు అదీ అరిగిపోతాది."

ఈ మాటలోనే రెండు రకాల బుష్‌ల సంగతి ఉంది. తలుపు ముందు అంచున హింజ్ లోపల పిన్ను చుట్టూ ఉండే గుండ్రటి బుష్ ఒకటి. తలుపు తెరిచినా మూసినా తిరిగేది దాని మీదే. అది దాదాపు అన్ని కార్లలోనూ ఉంటుంది, అరుగుతుంది. స్నేహితుడు తెచ్చింది రెండో రకం. తలుపు వెనక అంచున, లాకుకు దిగువన ఉంటుంది. చివరికి పోయేకొద్దీ సన్నబడే ముక్క. తలుపు మూస్తే అది బాడీ వైపు ఉన్న గాడిలోకి దూరి బిగుసుకుంటుంది. తలుపు వెనక అంచు కిందికీ పైకీ ఆడకుండా పట్టి ఉంచడమే దాని పని. పైకప్పు ఉన్న మామూలు కార్లలో దీని అవసరం పెద్దగా కనిపించదు. మజ్దా ఎంఎక్స్-5 లాంటి ఓపెన్ కార్లలో మాత్రం దీని మీద ఒక చిన్న వ్యాపారమే నడుస్తోంది. కంపెనీ ఇచ్చే మెత్తటి ముక్కకు బదులు డెల్రిన్ ప్లాస్టిక్‌తో చేసిన గట్టి ముక్క అమ్ముతారు.

పాత పిన్ను ఊడివచ్చింది. మీ అరచేతిలో పెడతాడు. ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క గోరు ఆనేంత గాడి పడింది. ఇరవై ఏళ్ల పాటు తలుపు బరువంతా ఆ ఒక్క పక్కనే పడింది మరి. పక్క కొట్లో లేత్ తిరుగుతోంది. టర్నర్ గన్‌మెటల్ రాడ్ ముక్కను చక్‌లో బిగించి, కొత్త బుష్ తీస్తున్నాడు. టూల్ ఆనగానే బంగారు రంగు పొట్టు రాలుతుంది. వెర్నియర్‌తో కొలుస్తాడు, ఇంకొంచెం తీస్తాడు, మళ్లీ కొలుస్తాడు. కొత్త పిన్ను అందులో దూర్చి చూస్తే తిరుగుతుంది గానీ పక్కకు ఆడదు. వైస్‌లో పెట్టి నొక్కితే బుష్ హింజ్‌లో కూర్చుంది. ఇప్పుడు తలుపు ఎత్తితే టక్ లేదు. కారు మొత్తం దాని స్ప్రింగుల మీద లేస్తుంది.

ఇక ఆ నల్ల ముక్క. పెట్టి చూస్తే తలుపు పడదు, లాకు ముందే ఆగిపోతుంది. ఇలాంటి చోట తొందరపడి తలుపును గట్టిగా విసిరేసేవాళ్లు ఉంటారు. అలా చేస్తే లాకు, అది పట్టుకునే స్ట్రైకర్, వెనక స్తంభం రేకు, అన్నీ దెబ్బతింటాయి. మెకానిక్ గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి, ముక్కను దాని మీద మెల్లగా రుద్దుతాడు. నల్లటి పొడి రాలుతుంది. పెట్టి చూస్తాడు, తీస్తాడు, మళ్లీ రుద్దుతాడు. చివరికి తలుపు మామూలుగా తోస్తేనే మూసుకుంది. మూసిన తలుపు సందులో కాగితం ముక్క దూర్చి, ఎంత బిగువుగా వస్తోందో లాగి చూస్తాడు.

"ఇంకొంచెం లూజు ఉండల్ల సార్. మధ్యాన్నం ఎండకు బిగుసుకుంటాది."

ఆయన చెప్పింది లెక్కకు కూడా సరిపోతుంది. డెల్రిన్ అనేది డ్యూపాంట్ కంపెనీ 1960లో అమ్మకానికి తెచ్చిన అసిటాల్ ప్లాస్టిక్. ఉక్కు వేడికి ఎంత సాగుతుందో, ఇది దానికి దాదాపు తొమ్మిది రెట్లు సాగుతుంది. 30 మిల్లీమీటర్ల ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే 0.13 మిల్లీమీటరు పెరుగుతుంది. మామూలుగా లెక్కలోకి రాని కొలతే. కానీ గాడిలో బిగుసుకుని కూర్చోవాల్సిన ముక్క విషయంలో, తలుపు హాయిగా పడటానికీ ఇరుక్కుపోవడానికీ తేడా అంతే. మే నెలలో హిందూపురం ఎండలో నిలిపిన కారు రేకు మీద చెయ్యి పెట్టినవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో చెప్పక్కర్లేదు.

ముక్కను సరిచేశాడు గానీ ఇప్పుడే బిగించడు. మీ స్నేహితుడే వద్దన్నాడు. పెనుకొండ దాకా అరిగిన పాత ముక్కతోనే పోదాం, హింజ్ ఒక్కటి బాగుచేస్తే ఎంత మార్పు వచ్చిందో ముందు చూద్దాం అన్నాడు. దాంతోపాటు కంపెనీ ఇచ్చే మెత్తటి కొత్త ముక్క కూడా డ్యాష్‌బోర్డులో ఉంది. అంటే పోలిక మూడింటి మధ్య: అరిగింది, కంపెనీ కొత్తది, డెల్రిన్. డబ్బు పెట్టబోయే ఎవరైనా చేయాల్సిన సరైన పోలిక ఇదే. అరిగిన దాన్ని తీసి కొత్తది ఏది పెట్టినా తేడా తెలుస్తుంది. ఆ మెప్పంతా డెల్రిన్ ఖాతాలో వేస్తే లెక్క తప్పినట్టే.

బయల్దేరారు. మార్కెట్ దారిలో ఎండుమిరప ఘాటు ఒకసారి గొంతుకు తగిలి పోయింది. ఓపెన్ కారులో ఊరు మీ పక్కనే కూర్చున్నట్టుంటుంది. ఊరు దాటాక సోమందేపల్లి రోడ్డు. రెండు పక్కలా వేరుశనగ చేలు, బండరాళ్ల గుట్టలు. ఇప్పుడు మీకో పని. మీరు కూర్చుంది ఎడమ సీట్లో. మోచేయి తలుపు మీద పెట్టి, ఎడమ బొటనవేలు వెనక్కి చాచి, తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న సందు మీద అడ్డంగా ఆనించండి. సగం వేలు తలుపు మీద, సగం బాడీ మీద.

మొదటి స్పీడ్ బ్రేకర్ వస్తోంది. స్నేహితుడు కావాలనే దాన్ని కొంచెం ఏటవాలుగా ఎక్కిస్తాడు. ముందు ఒక చక్రం లేస్తుంది, తరవాత రెండోది. నేరుగా ఎక్కితే బాడీ వంగుతుంది, ఏటవాలుగా ఎక్కితే మెలి తిరుగుతుంది. ఆ మెలి మీ బొటనవేలికి తెలుస్తుంది. తలుపు అంచు కిందికి జారి మళ్లీ పైకి వచ్చింది. కంటికి కనపడనంత కదలిక, అయినా చర్మం పసిగట్టింది. అదే క్షణంలో లోపలి అద్దంలో వెనక లారీ బొమ్మ చెదిరింది. ముందు అద్దం ఫ్రేము, డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ అన్నీ కలిసి ఒక్కసారి వణికాయి. ఓపెన్ కార్ల వాళ్లు స్కటిల్ షేక్ అనేది దీన్నే. హింజ్ బాగుచేయడంతో టకటక చాలావరకు తగ్గింది. వణుకు మాత్రం తగ్గలేదు.

ఈ వణుకు పైకప్పు లేకపోవడం వల్ల వస్తుంది. పైకప్పున్న కారు బాడీ నిజానికి నాలుగు వైపులా మూసిన రేకు పెట్టె. మూసిన ఆకారం మెలికి ఎంత ఎదురు నిలుస్తుందో, తెరిచిన ఆకారం అంత నిలవలేదు. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఇనుప గొట్టాన్ని పొడవునా ఒక్క గీత చీల్చితే, మెలికి దాని బిగువు 7,500వ వంతుకు పడిపోతుంది. కారులో అంత ఘోరం జరగదు. ఎందుకంటే తలుపుల కింద రన్నింగ్ బోర్డులు, మధ్యలో గేర్‌బాక్స్ సొరంగం, ఇవే చిన్న చిన్న మూసిన గొట్టాలుగా పనిచేస్తాయి. అందుకే ఓపెన్ కార్లు తయారుచేసేవాళ్లు అక్కడ అదనంగా రేకు వేస్తారు, అడుగున అడ్డ కమ్మీలు బిగిస్తారు. అయినా తలుపు ఉండే చోటు పెద్ద ఖాళీయే. బాడీ మెలి తిరిగినప్పుడు ఆ దీర్ఘచతురస్రం ఒక పక్కకు వాలుతుంది. తలుపు అందులో వదులుగా ఉంటే, ఆ వాలడాన్ని ఆపదు. పైగా చప్పుడు చేస్తుంది.

సోమందేపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కారు. దూరంగా పెనుకొండ కొండ, దాని మీద కోట గోడలు. 1565 రక్కసి తంగడి యుద్ధం తరవాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న చోటు. ఇప్పుడు ఈ పేరు చెబితే దేశమంతా గుర్తుచేసుకునేది కియా ఫ్యాక్టరీ. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టారు. 2019 జనవరిలో ట్రయల్ ఉత్పత్తి మొదలై, ఆ ఏడాది ఆగస్టు 22న సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. కొత్త కార్లు ఎక్కించుకున్న పొడవాటి ట్రెయిలర్ మీ పక్క నుంచి పోతుంది. అన్నిటికీ గట్టి పైకప్పే.

ఇదే కియా ఒకప్పుడు ఓపెన్ స్పోర్ట్స్ కారు కూడా చేసింది. ఇంగ్లండ్‌లోని లోటస్ కంపెనీ నుంచి ఎలాన్ కారు తయారీ హక్కులు కొని, కొరియాలో 1996 నుంచి 1999 దాకా సొంత 1.8 లీటర్ల ఇంజన్‌తో తయారుచేసింది. ఆ పేరుకు ముందు చరిత్ర ఉంది. 1962లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన మొదటి ఎలాన్‌లో బాడీ ఫైబర్ గ్లాస్‌ది. బలం మాత్రం ఎక్కువగా కారు మధ్యలో పొడవునా పోయే ఉక్కు వెన్నెముకది. రెండో తరం ఎలాన్‌కూ, దాన్నుంచి వచ్చిన కియా ఎలాన్‌కూ అదే పద్ధతి. ఇంజన్, చక్రాలు ఆ వెన్నెముకను పట్టుకునే ఉంటాయి. కాబట్టి అలాంటి కారులో తలుపు ఎంత బిగించినా నడకలో వచ్చే తేడా తక్కువ.

మన రోడ్ల మీద కనిపించే ఓపెన్ బండి మహీంద్రా థార్. 2020 అక్టోబరు 2న వచ్చిన థార్‌లో మడిచే గుడ్డ టాప్ కూడా ఇచ్చారు. దాని కింద నిచ్చెన ఆకారపు చాసిస్ ఉంది. మెలిని మోసేది ఎక్కువగా అదే. థార్‌లో తలుపు చప్పుడు చేస్తే రబ్బరు బీడింగ్, స్ట్రైకర్, హింజ్ చూసుకుంటే చాలు. ఎంఎక్స్-5 దారి వేరు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఈ కారు పాత ఎలాన్‌నే ఆదర్శంగా తీసుకుంది. బరువు మొదటి తరంలో వెయ్యి కిలోలలోపే. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. కానీ దీనికి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. డోర్ బుష్ గురించి ఇంత మాట నడిచేది ఇలాంటి కార్లలోనే. ఒక కారుకు పనికొచ్చిన ముక్క ఇంకో కారుకు ఎందుకు పనికిరాదో ఇక్కడే అర్థమవుతుంది. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: నా బండిలో మెలిని మోస్తున్నది ఏది?

పెనుకొండలో టీ కొట్టు ముందు కారు ఆపారు. గ్లాసుల్లో టీ వచ్చేలోపు స్నేహితుడు స్క్రూడ్రైవర్ తీసి, అరిగిన ముక్క విప్పి, కంపెనీ కొత్త ముక్క బిగిస్తాడు. రెండు స్క్రూలు, అంతే. టీ తాగి, ఒకే సర్వీస్ రోడ్డు మీద, ఒకే స్పీడ్ బ్రేకర్ మీదికి, ఒకే వేగంతో, ఒకే ఏటవాలుగా ఎక్కించారు. బొటనవేలు సందు మీదే ఉంది. జారుడు దాదాపు పోయింది. మిగిలిన కాస్త టకటక కూడా పోయింది. అద్దంలో బొమ్మ ఇంకా వణుకుతోంది గానీ తొందరగా కుదుటపడుతోంది. వెనక్కి వచ్చి డెల్రిన్ ముక్క బిగించారు. మళ్లీ అదే స్పీడ్ బ్రేకర్. ఈసారి వేలి కింద కదలిక తెలియలేదు. తలుపు, బాడీ కలిసి ఒక్కటిగా లేచాయి. అద్దం వణుకు? ఇంకొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

అరిగినదానికీ కంపెనీ కొత్తదానికీ మధ్య వచ్చిన మార్పు పెద్దది. కంపెనీ కొత్తదానికీ డెల్రిన్‌కూ మధ్య మార్పు ఉంది, కానీ చిన్నది.

ఈ మార్పుకు కారణం పదార్థంలో ఉంది. డెల్రిన్ బిగువు సుమారు 3 గిగాపాస్కల్స్. బుష్‌లకు వాడే రబ్బరు కంటే వందల రెట్లు గట్టిది. రబ్బరు ముక్క ముందు కొంచెం నలిగి, ఆ తరవాతే బరువు పట్టుకుంటుంది. డెల్రిన్ నలగదు. బాడీ వాలడం మొదలైన క్షణమే బరువు తలుపు మీదికి పోతుంది. తలుపు లోపల రెండు రేకుల మధ్య అడ్డంగా ఉక్కు కమ్మీ ఉంటుంది కాబట్టి అది ఆ బరువును కొంత మోయగలదు. అందుకే చిన్న గతుకుల మీద తేడా తెలుస్తుంది. పెద్ద గుంతలో పడితే ఆ బలానికి బొటనవేలంత ముక్క, రెండు స్క్రూలు ఎంతని ఆపుతాయి? అక్కడ పనిచేసేది రన్నింగ్ బోర్డులు, సొరంగం, అడుగు కమ్మీలే.

ఎన్.ఎస్. గేటు దగ్గర హైవే దిగి ధర్మవరం రోడ్డు పట్టారు. ఎండ ముదిరింది. మధ్యలో ఒకసారి ఆగి తలుపు తెరిస్తే, పొద్దున కంటే కొంచెం గట్టిగా లాగాల్సి వచ్చింది. మూసేటప్పుడూ అంతే, చేతికి అదనపు బలం కావాలి. షెడ్డులో మెకానిక్ వదిలిన ఆ కాస్త వదులు లేకపోతే తలుపు పడేదే కాదు. బయటి తయారీ ముక్క కొన్నవాళ్లు ఒప్పుకోవాల్సిన బేరం ఇది. బిగువు కావాలంటే తలుపు తేలిగ్గా పడటాన్ని కొంత వదులుకోవాలి. పెద్దవాళ్లు, పిల్లలు ఎక్కే బండి అయితే అది చిన్న విషయం కాదు.

ధర్మవరంలో పట్టుచీరల కొట్టు ముందు ఆగారు. లోపల గద్దె మీద చీరలు పరిచి చూపిస్తున్నారు. మీకు కావాల్సింది చీర కాదు, ఖాళీ అట్టపెట్టె. అడిగితే నవ్వుతూ ఒకటి ఇస్తారు. మూత పెట్టి, రెండు చివరలూ పట్టుకుని మెలి తిప్పండి. కదలదు. మూత తీసి తిప్పండి, సులువుగా తిరుగుతుంది. మీ స్నేహితుడి కారు ఈ మూత లేని పెట్టే. ఇప్పుడు కత్తెరతో రెండు పొడవాటి గోడల్లో తలుపులంత ముక్కలు కత్తిరించి తీయండి. మెలి ఇంకా సులువైంది. కత్తిరించిన ముక్కల్ని అదే చోట ఊరికే నిలబెట్టండి. పెట్టె మెలి తిరిగితే అవి పడిపోతాయి తప్ప ఏమీ ఆపవు. అరిగిన బుష్ ఉన్న తలుపు ఇదే. చివరగా ఆ ముక్కల్ని రెండు అంచుల దగ్గరా టేపుతో గట్టిగా అంటించి తిప్పండి. బిగువు కొంత తిరిగొచ్చింది. మూత పెట్టినంత రాలేదు. ఏ టేపు వేసినా రాదు.

బయటి తయారీ డోర్ బుష్ ఓపెన్ స్పోర్ట్స్ కారును బాగుచేస్తుందా? చప్పుడు విషయంలో, చిన్న గతుకుల మీద వచ్చే వణుకు విషయంలో, పాతబడిన బండి మీద నమ్మకం తిరిగి రావడంలో అవునని నేను గట్టిగా చెబుతాను. అదీ బాడీయే చాసిస్‌గా ఉన్న కారులో. కారు బలం పెరుగుతుందనీ, మలుపుల్లో వేగం పెరుగుతుందనీ, ప్రమాదంలో కాపాడుతుందనీ ఎవరైనా అంటే ఆ మాటకు డబ్బు ఇవ్వకండి.

పని వరస కూడా ముఖ్యం. ముందు కారు కింద వంగి రన్నింగ్ బోర్డులు తుప్పు పట్టాయేమో చూడండి. అక్కడ రేకును తుప్పు తినేసి ఉంటే బుష్ వేసి చప్పుడు ఆపడం ప్రమాదం. జబ్బు అలాగే ఉంటుంది, హెచ్చరిక ఒక్కటే ఆగిపోతుంది. తరవాత హింజ్ పిన్ను, బుష్. తరవాత స్ట్రైకర్ సరిచేయడం, రబ్బరు బీడింగ్. ఆ పైన కంపెనీ కొత్త ముక్క. చాలామందికి అక్కడితో సరిపోతుంది. ఇంకా బిగువు కావాలనుకున్నవాళ్లే డెల్రిన్ దాకా పోవాలి. పోతే మాత్రం ఎండ లెక్క తెలిసిన చేత, ఓపికగా రుద్ది పెట్టించుకోవాలి.

ఆ ఓపిక, ఆ చెయ్యి వెతకడానికి విదేశాలకు పోనక్కర్లేదు. పెద్ద ఫ్యాక్టరీ పెనుకొండలో ఉంటే ఉండొచ్చు. పాత బండిని ఒక్కో పిన్నూ చూసి మళ్లీ రోడ్డెక్కించే విద్య హిందూపురం లేత్ కొట్లలోనూ టింకరింగ్ షెడ్లలోనూ ఉంది. పార్సిల్ తెప్పించే ముందు వాళ్ల చేత ఒకసారి తలుపు ఎత్తించి చూడండి.